చీటీలో లేని మెట్టు

మద్రాసు
8-3-1964

అక్క జైతూన్‌బీకి తమ్ముడు మహబూబ్ బాషా సలాం.

పండగ వెళ్ళి మూడు వారాలైనా ఒక్క ముక్క రాయలేదని నువ్వు మూతి ముడుచుకొని ఉంటావు. కారణం ఉంది. నన్ను పాత సెక్షనులోంచి తీసి యంత్రం గదిలో వేశారు. దీన్ని కంప్యూటరు అంటారు. నాలుగు బీరువాలు పక్కపక్కన పెట్టినంత ఉంటుంది. దానికి వేడి పడదట. అందుకని గదినంతా చల్లగా ఉంచుతారు. మేము మాత్రం చెప్పులు బయట విడిచి, వణుక్కుంటూ లోపల కూచోవాలి. అట్టముక్కలకు రంధ్రాలు పొడిచి దానికి తినిపించడం నా పని.

సాయంత్రం పూట ఇంజనీరుగారు మాకు పాఠం చెబుతారు. మొదటి రోజు ఏమి రాయమన్నారో తెలుసా? కుండలో నీళ్ళు ఎలా తాగాలో రాయమన్నారు. ‘చెంబుతో ముంచుకొని తాగాలి’ అని రాసిచ్చాను. ఆయన నవ్వి, ‘కుండ మీద మూత ఉంది, అది ఎవరు తీస్తారు? చెంబు ఎక్కడుంది? యంత్రానికి ఏమీ తెలియదు. చెప్పిందే చేస్తుంది, చెప్పనిది చెయ్యదు’ అన్నారు. పెద్ద పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టాలట. రాత్రి కూచుని ఇరవై మూడు మెట్లు రాశాను. మర్నాడు చూసి, ‘కుండలో నీళ్ళు లేకపోతే?’ అని అడిగారు. మళ్ళీ మొదటి మెట్టు నుంచి రాయడం మొదలుపెట్టాను.

నా బిడ్డ ముంతాజు ఎలా ఉంది? తొమ్మిదేళ్ళు వచ్చినా ఇంకా ఒకటో తరగతి బల్ల మీదే కూచుంటున్నదని నీ పోయిన ఉత్తరంలో చదివి, రెండు రోజులు అన్నం సయించలేదు. ఆ జ్వరం దాని తల్లిని తీసుకుపోయింది, దాని తెలివిని కూడా తీసుకుపోయింది. నేను ఆశ వదులుకొన్నాను అక్కా. నువ్వున్నంతకాలం దిగులు లేదు. నీ తర్వాత దాన్ని ఎవరు చూస్తారన్నదే నా బాధ. దానికి తన పని తాను చేసుకొనేపాటి బుద్ధి వస్తే అంతకంటే నాకేమీ వద్దు.

తమ్ముడు
బాషా


వాకాడు
5-4-1964

చిరంజీవి బాషాకు అక్క దీవెనలు.

చల్లటి గది అని చదివి మొదట నిన్ను ఆసుపత్రిలో వేశారేమో అనుకొన్నాను. రెండోసారి చదివితే గాని కుదుటపడలేదు. ఇంత ఉద్యోగస్థుడివై చెప్పులు విడిచి యంత్రం ముందు కూచుంటున్నావన్న మాట. నాన్న ఉంటే, ‘దూదేకే విల్లు పట్టుకోరా అంటే పట్టుకోలేదు, ఇప్పుడు బీరువాకు మేత వేస్తున్నాడు’ అని నవ్వేవాడు.

నీ కుండ కథ ఊరికే పోనివ్వలేదు. మర్నాడే నాలుగో తరగతిలో పెట్టాను. కాలవ అవతల పట్టపుపాలెంలో చేపలమ్మే పేరమ్మ కొడుకు పోలేరయ్యను యంత్రంగా నిలబెట్టి, వాడు ఏమి చెయ్యాలో మిగతా పిల్లల్ని పలక మీద రాయమన్నాను. మూత తియ్యి, చెంబు తియ్యి, ముంచు, పైకి ఎత్తు, వంచు. ఇంతవరకు బాగానే రాశారు. నోటి దగ్గర వంచమని ఒక్కరూ రాయలేదు. వాడు చెంబెడు నీళ్ళు నెత్తిన కుమ్మరించుకొన్నాడు. క్లాసంతా నవ్వులు. కాని నవ్వాక ఎవరికి వాళ్ళు పలకలు చూసుకొని, తప్పు ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టారు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో పిల్లలు తమ తప్పును తామే వెతుక్కోవడం నేను ఎప్పుడూ చూడలేదు. అప్పటినుంచీ లెక్క ఇస్తే వెంటనే కలపడమో తీసివెయ్యడమో చెయ్యరు. ముందు ఏది, తర్వాత ఏది అని వాదులాడుకొంటారు.

పేరమ్మ అంటే గుర్తొచ్చింది. కార్తీకంలో గాలికి వాళ్ళ గుడిసె తలుపు ఊడిపోయింది. ఆ చెక్కను మొగుడు పడవకు కొట్టేశాడు. ఇప్పుడు గుమ్మానికి గోనెపట్టా వేలాడుతోంది. తలుపు పెట్టించుకోరాదా అంటే, ‘మా ఇంటికి తలుపెందుకు టీచరమ్మా? దొంగోడొస్తే ఆడే జాలిపడి ఏందన్నా పెట్టిపోవాల’ అన్నది.

ఇక అసలు సంగతి. మన ముంతాజుకు రెండు పనులు ఒకేసారి చెబితే నిలబడిపోతుంది, నీకు తెలిసిందే. ‘బియ్యం కడుగు’ అన్నా దానికి ఒక పని కాదు, ఏడు పనులు. అందుకని ఏడు మెట్లుగా చీటీ రాసి ఇచ్చాను. కూడబలుక్కొని చదువుతుంది కదా. ఒక్కొక్క మెట్టు చదివింది, చేసింది, వేలు కింది మెట్టు మీదికి జరిపింది. బియ్యం కడిగి నా ముందు పెట్టింది. అయిదేళ్ళలో మొదటిసారి ఒక పని మొదలుపెట్టి చివరిదాకా చేసింది. వంటింట్లో నిలబడి ఏడ్చాను తమ్ముడూ. నీ యంత్రం చెప్పిందే చేస్తుంది, చెప్పనిది చెయ్యదన్నావే, మన ముంతాజు అచ్చం అంతే.

నేను బాగానే ఉన్నాను. మెట్లెక్కితే కొంచెం ఆయాసం, దగ్గు. చిన్నప్పుడు నాన్న పక్కన కూచుని మింగిన దూది ఇప్పుడు లెక్క చెబుతున్నట్టుంది. ఆ యంత్రానికి ఇంకా ఏమేమి నేర్పుతారో తొందరగా రాయి.

దువాలతో
అక్క


మద్రాసు
2-5-1964

అక్కకు సలాం.

నీ ఉత్తరం సంతోషంగా చదువుతూ పోయాను. ఒకచోట మాత్రం ముల్లు గుచ్చుకొన్నట్టయింది. నా బిడ్డను యంత్రంతో పోల్చావు. నువ్వు ప్రేమతోనే రాశావని తెలుసు. కాని నేను రోజూ ఆ యంత్రం పక్కన కూచుంటాను. దానికి ఆకలి లేదు, భయం లేదు. పాడైతే మూత విప్పి తీగలు మారుస్తారు. నా ముంతాజు మూత విప్పి ఎవరు బాగుచేస్తారు? ఇంకోసారి ఆ మాట రాయకు.

ఏమి నేర్పుతారని అడిగావు కాబట్టి రాస్తున్నాను. పోయిన వారం నావల్ల ఒక పొరపాటు జరిగింది. ఒక పనిని మళ్ళీ మళ్ళీ చెయ్యమని చెప్పాను గాని, ఎప్పుడు ఆపాలో చెప్పలేదు. అది ఒకే వరసను కాగితం అయిపోయేదాకా అచ్చు వేసింది. ఇంజనీరుగారు అందరి ముందూ చివాట్లు పెట్టారు. రెండోది, ‘అలా ఉంటే ఇది చెయ్యి’ అని రాసిన ప్రతిచోటా ‘అలా లేకపోతే’ ఏమిటో కూడా రాయాలి. రాయకపోతే అది అక్కడే ఆగిపోతుంది. కదలదు. ఎంతసేపైనా అంతే. ‘లేకపోతే’ అన్న ఒక్క మాట మరిచినవాడు ఈ పనికి పనికిరాడని ఆయన రోజూ అంటారు.

ఇక్కడ ఎండలు మండుతున్నాయి. మా వీధి కుళాయి దగ్గర తెల్లవారకముందే బిందెలు వరస కడతాయి. నాకు మాత్రం పగలంతా చలి. మనిషిని ఇలా రెండు దేశాల్లో ఉంచితే జలుబు చెయ్యక ఏమవుతుంది?

బాషా


వాకాడు
12-7-1964

చిరంజీవి బాషాకు అక్క దీవెనలు.

నీ బిడ్డను ఏమీ అనలేదులే. అన్నా, పెంచుకొన్నదాన్ని కదా, ఆమాత్రం చనువు ఇవ్వు. ఉత్తరం ఆలస్యమైంది. బడి తెరిచారు, పైగా ఇన్‌స్పెక్టరుగారు వచ్చిపోయారు. ఆయన నోటిలెక్క ఒకటి అడిగారు. పిల్లలు గడగడా జవాబు చెప్పకుండా, ‘సార్, మనకు తెలిసింది ఏంది, కనుక్కోవాల్సింది ఏంది?’ అని ఎదురు అడిగారు. ఆయన మొహం చూడాలి. తర్వాత లెక్క సరిగ్గానే చేశారు. కాని రిజిస్టరులో, ‘విద్యార్థులు జవాబు చెప్పకముందే ప్రశ్నలు వేస్తున్నారు, సరిదిద్దవలెను’ అని రాసిపోయారు. సంతకం పెట్టించుకొన్నాను గాని సరిదిద్దే ఉద్దేశం లేదు.

ముంతాజుకు ఇప్పుడు పదిహేడు చీటీలు ఉన్నాయి. అన్నం వండే చీటీ, జడ వేసుకొనే చీటీ, బడికి పోయే చీటీ. చీటీ పూర్తిచేసి తెస్తే ఎర్ర పెన్సిలుతో ఒప్పు గీత పెడతాను. ఆ గీత కోసం ప్రాణం పెడుతుంది. కాలవ దాటకూడదని మాత్రం ఒక చీటీ గోడకే అంటించాను. వానాకాలంలో ఆ కాలవను నమ్మలేము.

నడుమ ఒక చిన్న పొరపాటు జరిగింది. నువ్వు హెచ్చరించిన ‘లేకపోతే’ నేనే మరిచాను. అదంతా సర్దుకొంది, దాని గురించి రాయను. రెండో తరగతిలో కూచోబెట్టాను. చీటీ లేకుండా రెండు మెట్ల దాకా మనసులో పెట్టుకోగలుగుతోంది. మూడోదానికి తడబడుతుంది. నాకు ఇంకా తొందరగా నేర్పాలని ఉంది. నీకు తెలిసినవన్నీ రాసి పంపు. పండగలకూ పబ్బాలకూ కాకుండా, వారానికి ఒకటి రాయి.

దువాలతో
అక్క


మద్రాసు
20-8-1964

అక్కకు,

హనీఫా అన్న గుడ్డల కోసం మద్రాసు వచ్చి, నిన్న నా గదికి వచ్చాడు. పక్కింటివాడు కాబట్టి మీ సంగతులు అడిగాను. ఆయన మొదట చెప్పడానికి ఇష్టపడలేదు. బలవంతపెడితే చెప్పాడు. నువ్వు రాయని ఆ చిన్న పొరపాటు ఏమిటో నాకు ఇప్పుడు తెలిసింది.

బెల్లం తెమ్మని నువ్వు చీటీ ఇచ్చి పంపావు. చెంచురామయ్య కొట్టుకు తాళం వేసి ఉంది. కొట్టు మూసి ఉంటే ఏమి చెయ్యాలో చీటీలో లేదు. నా కూతురు జూన్ నెల ఎండలో, పొద్దున బడివేళ నుంచి మధ్యాహ్నం నమాజు దాకా ఆ తాళం ముందు నిలబడి, చివరికి సొమ్మసిల్లి పడిపోయింది. హనీఫా అన్న మాటలే రాస్తున్నాను. ‘నేను చెయ్యి పట్టుకొని లాగినా కదల్లా బాషా. చీటీలో లేదు పెదనాన్నా అన్నది. మీ అక్క ఆ బిడ్డని ఆడించే బొమ్మని చేసింది. ఊడ్చేది అదే, వండేది అదే, అంట్లు తోమేది అదే. మీ అక్క మంచం మీద కూచోని చూస్తా ఉంటాది.’

చీటీ చూసి నడిచేది యంత్రం అక్కా. చీటీ రాసేవాడు మనిషి. ఆలోచన అంతా రాసేవాడి దగ్గరే ఉంటుంది, యంత్రం దగ్గర ఉండదు. ఈమాత్రం నీకు తెలియదా? తెలివి తక్కువదైతే తక్కువదై ఉండేది, నా బిడ్డ బిడ్డగా ఉండేది. నువ్వు దాన్ని యంత్రాన్ని చేశావు. పైగా పనిమనిషిని చేశావు. 

బాషా


వాకాడు
3-9-1964

బాషాకు,

నిలబడిన మాట నిజం. తప్పు నాది. ముంతాజును భుజం మీద వేసుకొని ఇంటికి తెచ్చింది హనీఫాయే. ఆయన చూసింది చెప్పాడు, ఆయన మీద నాకు కోపం లేదు.

వంటకు పెట్టానన్నావు. పెట్టాను. ఇంకా పెడతాను. మంచం మీద కూచుని చూస్తున్న మాట కూడా నిజమే. ఎందుకు కూచుంటానో మీ ఇద్దరిలో ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది.

వాన మొదలైంది. బడి కప్పు రెండుచోట్ల కారుతోంది.

జైతూన్‌బీ


మద్రాసు
18-10-1964

అక్కకు,

మన మధ్య మాటలు పెరిగాయి. ఇద్దరమూ ఒక మెట్టు దిగుదాం. నేను ముందు దిగుతున్నాను. మంచి సంగతే రాస్తాను.

ఇక్కడి మన్నడి పేటలో అత్తరు అమ్మే ఒక పెద్దమనిషి ఉన్నారు. ఆయన కూతురు పెళ్ళయిన ఏడాదికే భర్తను పోగొట్టుకొంది. నాకు ఇస్తామంటున్నారు. నెమ్మదైన మనిషి. బిడ్డను చూసుకొంటానంది. ఒక్క మాట మాత్రం అడిగించింది, పిల్ల తన పని తాను చేసుకోగలదా అని. మంచానికి అంటుకొన్న వాళ్ళ నాయనమ్మను చూసుకోవాలట, రెండు భారాలు మొయ్యలేనంది. నేను ‘చేసుకోగలదు’ అని చెప్పాను. నిజమో అబద్ధమో నాకే తెలియదు. 

వచ్చే నెల మొదట్లో వచ్చి ముంతాజును తీసుకుపోతాను. దాని బట్టలు సర్ది ఉంచు. నాయుడుపేట దాకా రైల్లో వచ్చి, బస్సులో వాకాడు చేరతాను.

బాషా


(కార్డు)
వాకాడు
27-10-1964

బాషాకు దీవెనలు. నికా సంగతి విని సంతోషించాను. ముంతాజును ఇప్పుడే తీసుకుపోవద్దు. రంజాన్ పండగ దాకా నా దగ్గర ఉండనీ. ఇంకా కొన్ని చీటీలు మిగిలి ఉన్నాయి. నీ భార్య ముందు అది తల దించుకోకూడదు. ఎందుకు ఏమిటి అని అడక్కు. ఈ ఒక్కటి నా మాట విను.
అక్క


(కార్డు)
మద్రాసు
5-11-1964

అక్కకు. అర్థమైంది. నీకు పిల్లలు లేరు కాబట్టి నా బిడ్డను వదలలేకుండా ఉన్నావు. చీటీలు ఒక వంక. నా బిడ్డకు తండ్రి ఇల్లు దొరికే వేళ అడ్డం పడుతున్నావని నీకు తోచడం లేదా? సరే, పండక్కే వస్తాను. అదే ఆఖరు. అప్పటిదాకా ఉత్తరాలు వద్దు. నేను గది కూడా మారుతున్నాను.
బాషా


వాకాడు
6-12-1964

తమ్ముడూ,

ఉత్తరాలు వద్దన్నావు. గది మారానన్నావు గాని ఎక్కడికో రాయలేదు. అందుకని ఇది పోస్టులో వెయ్యాలో, పండక్కు నువ్వు వచ్చినప్పుడు చేతికి ఇవ్వాలో ఇంకా తేల్చుకోలేదు. రాసి తలగడ కింద పెడతాను.

నీకు పిల్లలు లేరు అని రాశావు. కార్డు మీద రాశావు. పోస్టాయన చదివాడు, హనీఫా భార్య జమాల్‌బీ కూడా చదివింది. నాకు చాలా నొప్పి కలిగింది బాషా. ఆ నొప్పి తగ్గాకే కలం పట్టాను.

పోయిన రంజాన్ నెలలో నెల్లూరు వెళ్ళాను. బడి పని మీద అని నీకు చెప్పాను. పెద్ద డాక్టరుకు చూపించుకోవడానికి వెళ్ళాను. నాది దూది దగ్గు కాదు. గుండె ఉబ్బిందట. లోపల ఒక తలుపు సరిగా మూసుకోవడం లేదట. మందులతో ఒక ఏడాది, దేవుడి దయ ఉంటే ఇంకొంచెం అన్నాడు. బస్సులో తిరిగి వస్తూ నేను నా గురించి ఏడవలేదు. ముంతాజు బియ్యం కూడా కడుక్కోలేదు కదా అని ఏడ్చాను. నెల తిరగకముందే నీ కుండ ఉత్తరం వచ్చింది. అల్లాయే పంపించాడనుకొన్నాను.

నీకు ఎందుకు చెప్పలేదంటావు. చెబితే నువ్వు ఉద్యోగం వదిలి పరిగెత్తుకొని వస్తావు. మా ఇద్దరినీ చూసుకొంటూ ఈ ఊళ్ళో పరుపులు కుడతావు. ముంతాజుకు అన్నీ నువ్వే చేసిపెడతావు. అది ఎప్పటికీ నేర్చుకోదు. చెప్పకపోవడం కూడా తప్పేనని ఇప్పుడు అనిపిస్తోంది. తెలియనివ్వకుండా చేసి, తెలియలేదని నీ మీద అలిగాను.

కోపంలో నువ్వు రాసిన మాట, రాసేవాడే మనిషి అన్నది, నన్ను మూడు రోజులు కాల్చింది. తర్వాత అది నిజమని తెలిసింది. అప్పటిదాకా చీటీలన్నీ నేనే రాస్తున్నాను, అది నడుస్తోంది. ఆ మర్నాడే పెన్సిలు దాని చేతికి ఇచ్చాను. నేను పని చెబుతాను, మెట్లు అది రాస్తుంది, నేను యంత్రంలాగా చేస్తాను. మొదటి రోజు నా చేత ఉప్పు లేని పప్పు వండించింది. తిని మొహం చిట్లించి, తనే పోయి ఆ మెట్టు చేర్చింది. ఇప్పుడు ‘లేకపోతే’ అన్న మాట నాకంటే ఎక్కువగా అదే అడుగుతుంది. కుక్క అడ్డం వస్తే? వాన వస్తే? కొట్టు మూసి ఉంటే? ఆ ఎండ దానికి గుర్తుంది.

అందరు పిల్లల్లాగా అయిందని నీకు అబద్ధం రాయను. పదిమందిలో పదోదిగానే ఉంటుంది. తొందరపెడితే ఇప్పటికీ బిగుసుకుపోతుంది. కాని ఎక్కడ ఆగిపోయిందో దానికి తెలుస్తుంది. అంతకుముందు అది కూడా తెలిసేది కాదు. నీ భార్య అడిగిందానికి నువ్వు చెప్పింది అబద్ధం కాదు బాషా.

మొత్తం నలభై రెండు చీటీలు. ఆఖరిది నేనే రాయాల్సి వచ్చింది. దాని పేరు ‘అత్త లేవకపోతే’. తకరపు రేకు పెట్టెలో పైనే పెట్టి, ఎప్పుడు తియ్యాలో చెప్పాను. ఎందుకు లేవవు అని అడిగింది. పెద్దవాళ్ళు ఒక్కోసారి లేవరు అన్నాను. నలభై ఒక్క చీటీలు దానితో చేయించి చూసి, తప్పులు దిద్దాను. ఇదొక్కటి చేయించి చూడలేను. ఇందులో ఏదైనా మరిచి ఉంటే దిద్దడానికి నేనుండను. దిగులంతా అదే.

నీ మీద కోపం లేదు.

అక్క


వాకాడు
17-12-1964

నాన్నకు ముంతాజ్ బేగం సలాం.

ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను. తప్పులు ఉంటాయి. మెల్లగా చదవండి.

సోమవారం పొద్దున అత్త లేవలేదు. నేను నలభై రెండో చీటీ తీశాను. నుదురు తాకి చూడు అని ఉంది. తాకాను. చల్లగా ఉంది. మూడుసార్లు పిలువు అని ఉంది. పిలిచాను. నాలుగోసారి కూడా పిలిచాను, అది చీటీలో లేదు. పలకకపోతే భయపడవద్దు, దుప్పటి సరిగా కప్పి, హనీఫా పెదనాన్న ఇంటికి పోయి, అత్త లేవలేదు అని చెప్పు అని ఉంది. దుప్పటి కప్పాను. పోయాను.

పెదనాన్న ఇంటికి తాళం వేసి ఉంది. వాళ్ళు నాయుడుపేటలో పెళ్ళికి పోయారని నాకు తెలియదు. తాళం వేసి ఉంటే ఏమి చెయ్యాలో చీటీలో లేదు. అత్త మరిచిపోయింది. అన్ని చీటీల్లో రాసింది, దీంట్లో రాయలేదు.

నేను తాళం ముందు నిలబడ్డాను. వాన పడుతోంది. కాళ్ళు బిగుసుకుపోయాయి. బెల్లం రోజు గుర్తొచ్చింది. అప్పుడు నేను ఆగిపోయాను అని నాకు తెలిసింది. ఆగిపోయినప్పుడు, ఎందుకు ఆగావు అని నిన్ను నువ్వు అడుగు అని అత్త చెప్పింది. తాళం ఉంది కాబట్టి ఆగాను. తాళం లేని ఇల్లు ఏది అని ఆలోచించాను. తలుపు ఉంటే తాళం ఉంటుంది. పేరమ్మ ఇంటికి తలుపు లేదు.

పేరమ్మ ఇల్లు కాలవ అవతల ఉంది. కాలవ దాటకూడదు అని గోడ మీద చీటీ ఉంది. నేను చాలాసేపు ఆలోచించాను. నాకు ఏమైనా అయితే అత్త ఏడుస్తుందని ఆ చీటీ రాసింది. ఇప్పుడు అత్త లేవలేదు. అందుకని ఇవాళ ఆ చీటీ వద్దు అనుకొన్నాను. పడవ ఆయనను అడిగి దాటాను. నడుమ కూచోమన్నాడు. నడుమనే కూచున్నాను.

పేరమ్మ చేపల తట్ట కింద పడేసి నన్ను ఎత్తుకొంది. ‘యాడికి పోయినావు టీచరమ్మా, ఈ పసిదాన్ని వదిలిపెట్టి’ అని దారంతా ఏడ్చింది. ఏడవకముందు అత్త లేవలేదని అందరికీ చెప్పాలి పేరమ్మా అని చెప్పాను. ఆమె కన్నీళ్ళు తుడుచుకొని, ఊళ్ళోకి పోయి చెప్పింది. పెళ్ళి నుంచి జమాల్‌బీ పెద్దమ్మ, పెదనాన్న మధ్యాహ్నం బస్సుకు వచ్చారు. అత్తకు స్నానం చేయించారు. సాయంత్రం మసీదు వెనక మట్టి చేశారు. ఆడపిల్లలు రాకూడదన్నారు. నేను గుమ్మంలో ఉన్నాను. పోలేరయ్య, బడి పిల్లలు అందరూ వచ్చారు.

మీకు పెదనాన్న టెలిగ్రాం ఇచ్చాడు. పాత గదికి పోయి తిరిగి వచ్చింది. ఏమి చెయ్యాలి అని పెదనాన్న తల పట్టుకొన్నాడు. నేను మీ పాత ఉత్తరాలు తీసి చూశాను. ఒక కవరు మీద మీ ఆఫీసు పేరు అచ్చు వేసి ఉంది. గది మారితే ఆఫీసు మారదు. అందుకని ఆఫీసుకు పంపుతున్నాను. అత్త తలగడ కింద ఉన్న ఉత్తరం కూడా ఇందులోనే పెట్టాను. అది నాన్నకు ఇవ్వమని చీటీలోనే ఉంది.

నేను జమాల్‌బీ పెద్దమ్మ ఇంట్లో ఉన్నాను. నాన్న వచ్చేదాకా అక్కడే ఉండు అని చీటీలో ఆఖరు మెట్టు. అన్నం నేనే వండాను. పెద్దమ్మ వద్దంది. వండాను.

నలభై రెండో చీటీ అడుగున ఖాళీ ఉంది. అక్కడ పెన్సిలుతో ఒక మెట్టు రాశాను. ‘తాళం వేసి ఉంటే, తలుపు లేని ఇంటికి పో.’ అత్తకు చూపిద్దామని చీటీ పట్టుకొని పక్కన కూచున్నాను. వాళ్ళు తీసుకుపోయేదాకా కూచున్నాను. అత్త దిద్దలేదు.

ఆ చీటీ మీకు పంపుతున్నాను. ఎర్ర పెన్సిలు కూడా పెడదామనుకొన్నాను గాని, కవరు చిరుగుతుందని పోస్టాయన వద్దన్నాడు. మద్రాసులో దొరుకుతుంది కదా. ఒప్పైతే గీత పెట్టండి. తప్పైతే ఎక్కడో చెప్పండి.

మీ కూతురు
ముంతాజ్ బేగం